లేని మేడకు కాపలా

ఏలూరు నడిబొడ్డున ముప్పై రెండంతస్తుల మేడకు నిత్యానందం వాచ్‌మన్. మేడ మాత్రం లేదు. గేటుంది, గేటు మీద మేడ బొమ్మ ఉంది, గేటు వెనక పునాదికని తవ్వి వదిలేసిన గొయ్యి ఉంది. అయినా కొల్లేటికోటలో చుట్టాలకు "ముప్పై రెండంతస్తులూ నా చేతి కిందే" అని చెప్పుకునేవాడు. అందులో అబద్ధమేముంది? ఉన్నదాన్ని ఎవడైనా కాస్తాడు, లేనిదాన్ని కాయడమే కష్టం.

ఫ్లాట్లు కొన్నవాళ్లు వస్తే చేతికర్ర ఎత్తి ఎవరిది వాళ్లకు గాలిలో చూపించాలి. ఉంగుటూరు రైతు వెంకట్రాజుగారు నెలకోసారి బస్సెక్కి వచ్చేవారు.

"నాదేదోయ్?"

"అదిగోనండి, ఆ గద్ద తిరుగుతోంది కదండీ, దానికి కాస్త కిందండి. తూర్పు బాల్కనీ అండి."

రాజుగారు మెడ నొప్పెట్టేదాకా చూసుకుని వెళ్లేవారు.

నిత్యానందం ఇరవయ్యేళ్లు చేపల చెరువు గట్టున కాపలా కాసిన మనిషి. వానలకు గొయ్యి నిండింది. కొల్లేటివాడు నిలవ నీళ్లు చూసి చేపపిల్ల వదలకుండా ఉండగలడా? శీలావతి పిల్లలు తెచ్చి వదిలాడు. రోజూ తవుడు వేశాడు, కొంగల్ని అదిలించాడు.

భార్య సత్యవతి నెత్తీ నోరూ కొట్టుకుంది. "ఏవండీ, ఓనరుగారు చూస్తే ఉద్యోగం ఊడిపోద్దండి. మన అమ్మాయి కెజియాకి నర్సింగు చదువు ఇంకో ఏడాదుంది. వాచ్‌మన్‌కని ఇచ్చిన ఈ గది పోతే పిల్లనెక్కడ ఉంచుతాం?"

ఆ మాట నిత్యానందం గుండెల్లో గుచ్చుకుంది. కానీ అప్పటికే చేపలు ఒక్కోటి కిలోకొచ్చేశాయి.

ఓ ఆదివారం నిత్యానందం చర్చి నుంచి వచ్చేసరికి, కొన్నవాళ్లంతా ఓనరు చలపతిరావును చుట్టేసి ఉన్నారు. గోదావరి వాళ్ల కోపం కాబట్టి తిట్టు తిట్టుకూ ఒక 'అండీ' పడుతోంది.

"నాలుగేళ్లయిందండీ! మేడేదండీ? సిగ్గుందాండీ మీకు?"

"పునాది చూద్దురుగాని రండి" అంటూ చలపతిరావు వాళ్లను గొయ్యి దగ్గరకు నడిపించాడు. సరిగ్గా అప్పుడే ఓ శీలావతి గాల్లోకి ఎగిరి దబ్బుమని పడింది.

నిత్యానందం పరుగున వచ్చి చేతులు జోడించాడు. "నేనే వదిలానండి. తప్పయిపోయిందండి. ఉద్యోగం తియ్యకండి బాబూ, మా అమ్మాయి చదువుకుంటోందండి."

చలపతిరావు నోరు తెరిచేలోగా వెంకట్రాజుగారు గట్టు మీద గొంతుక్కూర్చున్నారు. "ఏవయ్యా, ఉత్త తవుడేనా, వేరుశనగ చెక్క కలుపుతున్నావా?"

అంతే. డెల్టా మనుషులు కదా, మేడ మాట గాలికి పోయింది. ఒకాయన నీళ్ల రంగు బాగుందన్నాడు. మరో ఆయన పిల్ల ఒత్తుగా వేశావని కోప్పడ్డాడు. ఎవరో వలకు ఫోన్ చేశారు. మధ్యాహ్నానికల్లా ఫ్లాటుకు రెండు చేపల చొప్పున పంచేశారు. ఆ కంపెనీ కొన్నవాళ్ల చేతికి ఏదైనా అందించడం అదే మొదలు.

జనం పలచబడ్డాక చలపతిరావు నిత్యానందాన్ని పక్కకు పిలిచాడు. "మళ్లీ ఎప్పుడు వదులుతావ్?"

"మరి నా ఉద్యోగవండీ?"

"నువ్వు పోతే వచ్చే ఏడు వీళ్ల చేతుల్లోంచి నన్నెవడు తప్పిస్తాడయ్యా?"

సత్యవతికి చెబుదామని నిత్యానందం పరుగందుకున్నాడు. గేటు దగ్గర వెంకట్రాజుగారు ఇంకా నిలబడే ఉన్నారు. చేతిసంచిలోంచి రెండు తోకలు బయటికి కనిపిస్తున్నాయి.

"బస్సుకింకా టైముందోయ్. ఓసారి చూపించు."

నిత్యానందం కర్ర ఎత్తాడు. ఈయన ఇల్లు లేవలేదు గనకే తన గది నిలిచిందని అప్పుడు తట్టింది. సిగ్గేసింది.

"ఇవాళ గద్ద లేదేవిటోయ్?" అన్నారు రాజుగారు, ఆకాశమంతా వెతుక్కుంటూ.

"వస్తాదండి" అన్నాడు నిత్యానందం, కర్ర దించకుండా. "మీ సంచిలో చేపలున్నాయి కదండీ."