బొమ్మలావిడ మెడ

మూడో అంతస్తులోని ఆ చిన్న గదికి వచ్చే పిల్లలెవరికీ ఆవిడ పేరు తెలియదు. బొమ్మలావిడ అంటే చాలు, కాపలా అతను కూడా మెట్లు చూపిస్తాడు. పని మాత్రం బొమ్మలు చూపించడంతో అయిపోయేది కాదు. పిల్లల తెలివిని కొలిచే పరీక్ష పెడుతుందావిడ. పొట్టి బల్ల మీద ఎర్రవీ తెల్లవీ చెక్క దిమ్మలు, పక్కనే ఒక్కో దాంట్లో ఏదో ఒక భాగం లేని బొమ్మల అట్టల కట్ట, ఒళ్ళో స్టాప్‌వాచ్. గడియారం కంటపడితే పిల్లల చేతులు వణుకుతాయని దాన్ని కొంగు కింద దాచుకుంటుంది. చదువులో వెనకబడ్డారని బడివాళ్ళు పంపించిన పిల్లలు మామూలు బడిలోనే ఉండాలో, ప్రత్యేక బడికి వెళ్ళాలో చాలావరకు ఆ గదిలోనే తేలుతుంది. అందుకే ప్రశ్నలో ఒక్క మాట అటూ ఇటూ కానివ్వదు. జవాబు తప్పయినా ఒప్పయినా మొహంలో తెలియనివ్వకూడదన్నది ఆ పనిలో మొదటి నియమం. అది తనకి కొట్టిన పిండి అనుకునేది, కెమెరా వచ్చేదాకా.

కెమెరాని తెచ్చింది ఒక పరిశోధకురాలు. కళ్ళజోడు, భుజాన సంచి, మాట మెత్తన. ఆ పరీక్షని ఎంతవరకు నమ్మొచ్చో తేల్చాలని వచ్చింది. ఒకే పిల్లని ఇద్దరు వేరువేరుగా పరీక్షిస్తే ఒకే మార్కులు వస్తాయా? వచ్చినా, అవి తెలివికి పడ్డ మార్కులేనా, మరి దేనికైనా పడ్డాయా? ఈ రెంటికీ జవాబు కావాలామెకి. గది మూలన కెమెరా బిగించి, కొన్నాళ్ళ రికార్డులు పట్టుకెళ్ళింది, కెమెరాని మాత్రం అక్కడే ఉంచింది. తర్వాత ఒకరోజు వచ్చి తలుపు దగ్గరే నిలబడింది.

"మేడమ్, ఏమీ అనుకోనంటే ఒక మాట. పిల్లలు జవాబు చెప్పేటప్పుడు మీరు తల ఊపుతున్నారు."

"నేనా? ఛ, నేనెందుకు ఊపుతానమ్మా!" అంది బొమ్మలావిడ, తల ఊపుతూనే.

పరిశోధకురాలు నవ్వు ఆపుకుంది. "తప్పు పట్టడం లేదు. కానీ జవాబు సరైన దారిలో ఉన్నప్పుడే ఊపుతున్నారనుకోండి, పిల్లలు అది చూసి కనిపెట్టేస్తారు. అప్పుడు మార్కులు వాళ్ళ తెలివికి పడినవి కావు, మీ మెడకి పడినవవుతాయి. రికార్డులన్నీ చూసి వచ్చే వారం చెబుతాను."

ఆవిడకి వెంటనే గుర్తొచ్చింది తాళాలు చేసేవాడి కూతురు. బస్టాపుకి వెళ్ళే దారిలోనే వాళ్ళ కొట్టు. రెండేళ్ళ కిందట ఆ పిల్లకి, ప్రత్యేక బడికి పంపడానికి పెట్టిన గీత మీద వెంట్రుకవాసి ఎక్కువ మార్కులొచ్చాయి. దాంతో మామూలు బడిలోనే ఉంచారు. ఆ వెంట్రుకవాసి తన తల ఊపుడుదే అయితే? ఈత రాని పిల్లని చేజేతులా లోతులోకి తోసినట్టు కాదూ? ఆ సాయంత్రం నుంచి ఆవిడ ఆ వీధి మానేసి మార్కెట్టు చుట్టూ తిరిగి బస్టాపుకి వెళ్ళడం మొదలుపెట్టింది.

ఇంట్లో చెబితే అత్తగారు ముందు అందుకుంది. "ఇప్పుడు కనిపెట్టారా? ఈ ఇంట్లో అడుగు పెట్టిన రోజు నుంచీ నేను మాట్లాడుతూనే ఉన్నాను, తను గంగిరెద్దులా తల ఊపుతూనే ఉంది. ఒక్క మాటైనా చెవిన పెట్టిందా?"

"అత్తయ్యా, నా కొంప మునిగేలా ఉంటే మీకు ఎగతాళిగా ఉందా?"

భర్త బట్టల కొట్టులో కటింగ్ మాస్టరు. భోజనం ముందు మెళ్ళో టేపు తీసి కుర్చీకి తగిలిస్తూ, ఓదార్చాలనుకుని అసలుకే ఎసరు పెట్టాడు. "మా కొట్టులో సాగిపోయిన టేపొకటి ఉందే. ఎన్నిసార్లు కొలిచినా ఒకటే చెబుతుంది. దానితోనే కొలిచి, దానితోనే కత్తిరిస్తే చొక్కా చక్కగా సరిపోతుంది. ఆ కొలత పట్టుకెళ్ళి ఇంకో కొట్టులో ఇచ్చావా, బొత్తాలు పట్టవు."

"అంతే కదండీ! పిల్లల్ని కొలిచేది నేను, కుట్టేది బడి," అంది ఆవిడ. 

మర్నాటి నుంచి మెడ బిగించింది. గడ్డం కదలకుండా, కళ్ళు బల్ల మీదే ఉంచి, కొయ్యబొమ్మలా కూర్చుంది. మొదట వచ్చిన పిల్లాడు దిమ్మల్ని ముట్టుకోకుండా ఆవిడ వంకే చూశాడు.

"ఆంటీ, మెడ నొప్పా?"

"లేదు నాన్నా. నువ్వు చెయ్యి."

"మరి నా మీద కోపమా?"

తర్వాత వచ్చిన పిల్ల ఒక జవాబు చెప్పి, రెండోది నోట్లోనే మింగేసింది. ఇంకొకడు అమ్మ కావాలన్నాడు. ఆ వారమంతా మార్కులు నేలబారుగానే వచ్చాయి. దాంతో ఆవిడకి ఉన్న ఆశ కాస్తా పోయింది. మెడ ఆగితే మార్కులు పడిపోయాయంటే, ఇన్నేళ్ళూ మార్కులు తెచ్చింది మెడే అన్నమాట. ఇక రికార్డులు చూడడం దేనికి?

పరిశోధకురాలు అన్న మాట ప్రకారం వచ్చింది. లాప్‌టాప్ తెరిచి బల్ల మీద పెట్టింది. అందులో బొమ్మలావిడ భుజాల పైన మాత్రమే కనిపిస్తోంది. పిల్లలు కనపడరు, మాట వినపడదు.

"మీ తల చూసి చెప్పండి మేడమ్. ఇక్కడ పిల్ల చెప్పింది ఒప్పా, తప్పా?"

ఆవిడ ముందుకి వంగింది. తెరలో తన తల నిదానంగా కిందికీ పైకీ ఆడుతోంది. అబ్బో, ఎంత మెచ్చుకోలో! "ఇంకేముంది, ఒప్పే," అంది నీరసంగా.

"తప్పు. పూర్తిగా తప్పు చెప్పింది. ఇది?"

ఈసారి తల గట్టిగా ఆడింది. ఆవిడ తెలివి ఉపయోగించింది. "అలా అయితే ఇదీ తప్పే."

"కాదు, ఒప్పు."

అలా ఆవిడ అనుకోవడం, పరిశోధకురాలు కాదనడం. ఒకచోట కుదిరితే రెండోచోట బోల్తా. బొమ్మా బొరుసూ వేసుకున్నా అంతకంటే నయంగా వచ్చేదేమో. ఒకచోట ఎదుటి కుర్రాడు నోరే తెరవలేదట, ఆవిడ తల మాత్రం శ్రద్ధగా ఊగుతోంది. అది చూసి ఆవిడకి నవ్వు పొంగుకొచ్చి, కొంగు నోటికి అడ్డం పెట్టుకోవాల్సొచ్చింది.

"మా వాళ్ళకి కూడా ఇలాగే చూపించి అడిగాం. ఎవరూ కనిపెట్టలేకపోయారు," అంది పరిశోధకురాలు. "మీరు దేనికైనా ఊపుతారు. తప్పుకీ అంతే, ఒప్పుకీ అంతే. మీ తలలో జవాబు లేదు మేడమ్! 'వింటున్నాను, చెప్పు' అన్నట్టుందంతే. మీరు పరీక్షించిన పిల్లల్ని మళ్ళీ ఇంకొకావిడతో పరీక్ష చేయించాం. ఆవిడ అసలు కదలరు. దాదాపు మీ మార్కులే వచ్చాయి."

"మరి ఈ వారం పిల్లలకి..."

"అవీ రికార్డయ్యాయి, చూశాను. పోలీసు స్టేషన్లో కూర్చున్నట్టు కూర్చుంటే ఏ పిల్ల నోరు విప్పుతుంది? కదలకపోవడం ఆవిడకి సహజం. ఆవిడ కళ్ళతో పలకరిస్తారు. మీరు కళ్ళు కూడా దించేశారు. ఆ పిల్లల్ని మళ్ళీ పిలిపిద్దాం. వాళ్ళకి పడ్డది మాత్రం తెలివికి పడ్డ మార్కు కాదు, భయానికి పడ్డది."

బొమ్మలావిడ లేచి కిటికీ తెరిచింది. వారం రోజులుగా బిగించిన మెడని అటూ ఇటూ తిప్పుకుంది. అయినా అడగకుండా ఉండలేకపోయింది. "ఒక పిల్లకి గీత మీద ఒక్క పిసరు ఎక్కువొచ్చింది. బడిలో ఉండనిచ్చారు. అది సరైనదేనంటావా?"

"ఇద్దరు కొలిస్తే ఒకేలా వస్తోందని చెప్పగలను. బడిలో నెగ్గుకొస్తుందో లేదో మార్కులు చూసి చెప్పలేను. అది ఆ పిల్లని చూసే చెప్పాలి."

ఆవిడ ఆ రోజు మార్కెట్టు వైపు వెళ్ళలేదు. తాళాల కొట్టు ముందు సానరాయి చక్రం తిరుగుతోంది. తాళాలతను తల ఎత్తి, "ఏం మేడమ్, దారి మర్చిపోయారా? మా అమ్మాయి రోజూ అడుగుతోంది," అన్నాడు.

"ఎలా చదువుతోంది?" అంది ఆవిడ. చేతిసంచి గట్టిగా పట్టుకుని మరీ అడిగింది.

"లెక్కల్లో అత్తెసరు మేడమ్, దాచిపెట్టడం దేనికి. రోజూ కుస్తీయే. మిగతావి లాక్కొస్తోంది. బడికి మాత్రం వెళ్ళనంటే ఒట్టు. జ్వరమొచ్చినా ఆపలేకపోయాం."

వెనక నుంచి ఆ పిల్ల బయటికొచ్చింది. మోకాలి మీద సిరా మరక, నోట్లో ఏదో నములుతోంది. "లెక్కల టీచరు గబగబా చెరిపేస్తుంది నాన్నా! నేను రాసుకునేలోపే చెరిపేస్తుంది. ఇప్పుడు ముందు బెంచీలోకి మారానుగా!" అని తండ్రిని కసిరి, బొమ్మలావిడ వైపు తిరిగింది. "ఆంటీ, నిన్న మా క్లాసులో ఏమైందో తెలుసా? చెప్పనా?"

"చెప్పు తల్లీ."

తాళాలతను స్టూలు తుడిచి ముందుకి జరిపాడు. పిల్ల మొదటి నుంచి మొదలుపెట్టింది. మధ్యలో ఎవరో గుర్తొచ్చి వెనక్కి వెళ్ళింది, మళ్ళీ ముందుకొచ్చింది. వీధి చివర బస్సు వచ్చి ఆగి, హారన్ కొట్టి వెళ్ళిపోయింది. ఇంకోటి వస్తుందిలే అనుకుని, ఆవిడ సంచి ఒళ్ళో పెట్టుకుని స్టూలు మీద సర్దుకు కూర్చుంది.