ముళ్ళు తక్కువ చేప మీద దర్యాప్తు

ప్లేట్లో వడ్డించబోయే చేపని బట్టి ఒక కంపెనీ షేరు ఎక్కడికి పోతుందో మీలో ఎవరైనా చెప్పగలరా? నేను చెప్పాను. చెప్పి ఊరుకున్నా బాగుండేది, పదమూడు మందితో కొనిపించాను కూడా. ఆ దెబ్బకి ముంబైలో కంప్యూటర్లు మోగాయి, హైదరాబాదులో ఫైలు తెరుచుకుంది, అచ్యుతాపురంలో మా బావ కేంటీను మూతపడే దాకా వచ్చింది. ఆ ప్రళయం కథే ఇది. ఒక్క మాట ముందే చెప్పేస్తున్నాను. ఇది చదివి మీరు నవ్వుకోండి, అభ్యంతరం లేదు. నేను మాత్రం సిగ్గుపడటం లేదు. నా లెక్క తప్పు కాదని ఇప్పటికీ అంటాను.

నేను విశాఖ ఉక్కునగరం క్వార్టర్లో ఉంటాను, ప్లాంటులో రోలింగ్ మిల్లు పని. నాలుగైదేళ్ళ కిందట మా బ్యాచ్ అందరికీ షేర్ల పిచ్చి పట్టింది. కాలుతున్న ఉక్కు పక్కన నిలబడి పనిచేసేవాళ్ళం, షేరు పడిందని చూపే ఒక చిన్న ఎర్రగీతకి భయపడతామా అన్నది మా ధీమా. 'టీ బ్రేక్ బ్యాచ్' అని ఫోనులో గ్రూపు పెట్టుకున్నాం. అందులో అందరికన్నా ఎక్కువ మాట్లాడేవాణ్ణి నేను. అందరికన్నా తక్కువ తెలిసినవాణ్ణీ నేనే. ఈ రెండో సంగతి అప్పటికి ఇంకా ప్రభుత్వం వారు ధ్రువీకరించలేదు.

మా అక్క మొగుడు సన్యాసిరావు బావది అచ్యుతాపురంలో కేంటీను కాంట్రాక్టు. పంపులూ వాల్వులూ చేసే ఫ్యాక్టరీ అది. పేరు చెప్పను. చెబితే మళ్ళీ రిజిస్టర్ పోస్టు వస్తుంది. ఒక మంగళవారం బావ ఫోన్ చేశాడు.

"బావా, ఈ శుక్రవారం మీ ఇంటికి రానేను. కంపెనీలో పెద్ద భోజనాలు. నూటేబై మందికి."

"ఏటి విశేషం?"

"నాకేటి తెలుసు? వంజరం వేపుడు సెయ్యమన్నారు. మామూలు సేపలు వద్దంట. ముల్లు తక్కువున్నదే కావాలని మరీ మరీ సెప్పినారు."

"ఎవులొత్తన్నారు బావా?"

"ఎవులొత్తే నాకెందుకు? వండమన్నారు, వండుతాను. అన్నట్టు మీ అక్క మిక్సీ మల్లా పాడైపోనాది, వొచ్చినప్పుడు సూడు."

మిక్సీ సంగతి నా చెవికెక్కలేదు. ముల్లు దగ్గరే ఆగిపోయాను. మీరే ఆలోచించండి. విశాఖ మనిషికి ముల్లు ఒక లెక్కా? నాలుకతోనే ముల్లు ఏరి, మాట ఆపకుండా పక్కన పెట్టేస్తాం. ముల్లు తక్కువ చేప కావాలంటే వచ్చేవాళ్ళు మనవాళ్ళు కాదు. సముద్రం లేని ఊరివాళ్ళా? వాళ్ళకైతే కోడికూర వండిస్తారు. కాబట్టి విదేశీయులు. విదేశీయులు పంపుల ఫ్యాక్టరీకి బీచి చూడటానికి రారు, దానికి రుషికొండ ఉంది. కాబట్టి ఆర్డరు. నూటయాభై మంది భోజనం కాబట్టి పెద్ద ఆర్డరు. కాబట్టి షేరు లేస్తుంది. ఎక్కడైనా అతుకు ఉందా చెప్పండి!

ఇంతవరకూ నేను మేధావినే. తర్వాత చేసిందే వెధవపని. గ్రూపులో 'మా బావ చేపలు వండుతున్నాడు, దాన్నిబట్టి అనుకుంటున్నాను' అని రాస్తే ఎవడు ఖాతరు చేస్తాడు? అందుకని ఇలా రాశాను: 'పక్కా సమాచారం. లోపలి మనిషి చెప్పింది. కంపెనీ పెద్దల నోటి నుంచి నేరుగా. రేపే కొనండి. ఈ సంగతి ఎవరికీ చెప్పొద్దు.'

బుధవారం పొద్దున్న షిఫ్టులో గోవిందు నన్ను పట్టుకున్నాడు. గోదావరి జిల్లా నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన కుటుంబం వాళ్ళది. అతనికి ప్రతిదీ రెండుసార్లు అడిగే అలవాటు.

"ఒరే పైడిరాజూ, పెద్దల నోటి నుంచి అన్నావు, ఎవరి నోరురా అది?"

"నోరు నీకెందుకురా? మాట సాలదా?"

"అది కాదురా, ఆ నోరుకి పేరుంటుంది కదా!"

"కొంటే కొను, నేపోతే మానీ. రేపు నా దగ్గరకొచ్చి ఏడవకు."

కొన్నాడు. అందరూ కొన్నారు. మా షెడ్డులో ఫోనుకి సిగ్నల్ దొరికే చోటు ఒక్కటే, సైకిల్ స్టాండు పక్కన నీళ్ళ ట్యాంకు అరుగు. టీ బ్రేకు పది నిమిషాలు. అందులో ఆరు నిమిషాలు టీ లైనుకే పోతాయి. మిగిలిన నాలుగు నిమిషాల్లో పద్నాలుగు మందిమి ఆ అరుగెక్కి, ఒకరి భుజం మీద ఒకరు పడుతూ, ఒకే కంపెనీ షేరు కొన్నాం. ఎవరి స్తోమతకు తగ్గట్టు వాళ్ళు, పదో ఇరవయ్యో.

శుక్రవారం భోజనాలయ్యాయి. సోమవారం ఆ కంపెనీ ప్రకటన ఇచ్చింది: విదేశాల నుంచి పెద్ద ఆర్డరు! షేరు లేచింది. నన్ను టీ లైనులో ముందుకు నెట్టారు, గారెలు తినిపించారు. గోవిందు కూడా ఒక్కసారే అడిగి నమ్మటం మొదలెట్టాడు. నేను తలెత్తుకుని నడిచాను. ఎంత ఎత్తానంటే ట్యాంకు అరుగు మెట్టు కనబడక రెండుసార్లు పడ్డాను.

కొన్ని నెలలకి ఉత్తరం వచ్చింది. షేర్ మార్కెట్ని కాపలా కాసే సంస్థ వారి సమన్లు. అప్పటిదాకా ఆ సంస్థ పెద్ద పెద్ద కోటీశ్వరుల కోసం పెట్టింది అనుకునేవాణ్ణి. గోవిందు చదివి వినిపించాడు.

"నీ ఫోను వివరాలు ఇవ్వాలట, బ్యాంకు కాగితాలు ఇవ్వాలట, ఆ కంపెనీతో నీ సంబంధం ఏమిటో రాయాలట. బయటికి రాని సమాచారంతో షేర్లు కొన్నట్టు అనుమానమట. ఒరే, ఆ నోరు ఎవరిదో ఇప్పటికైనా చెప్పరా!"

"సెప్పను. నాను దొంగనేటి? కోట్లు మింగినోల్లని వొగ్గీసి టీ బ్రేకులో ఇరవై షేర్లు కొన్నోడి మీద పడతారా? రాత్తాను సూడు జవాబు!"

నాకు ప్లాంటు గేటు దగ్గర మీటింగుల్లో అరిచిన అనుభవం తప్ప ఉత్తరాలు రాసిన అనుభవం లేదు. కాబట్టి జవాబు కూడా ఆ బాణీలోనే సాగింది. మూడు పేజీలు. చివర ఎర్రసిరాతో సంతకం. రిజిస్టర్ పోస్టులో పంపి, గ్రూపులో ఫొటో పెట్టాను. పదమూడు మందీ పిడికిలి బొమ్మలు పెట్టారు.

వారం తిరగకుండా అక్క మా క్వార్టరుకొచ్చింది. గుమ్మంలోనే నిలబడింది. కూర్చోమన్నా కూర్చోలేదు.

"తమ్మా, మీ బావకీ వొచ్చింది ఆ కాయితం. కంపెనీవోల్లు కేంటీను రెన్యువల్ ఆపీసినారు. నీకు లోపలి సంగతులు మోసింది మీ బావేనంట. ఎంక్వైరీ తేలేదాక సంతకం ఎట్టరంట."

"బావేటి మోసినాడక్కా? సేప సంగతి సెప్పినాడు, అంతే."

"అదే అక్కడ సెప్పు మరి! పన్నెండేల్ల కేంటీనురా. ఎనిమిది మంది వంటోల్లు మామీదే బతుకుతన్నారు. నువ్వేమో ఆల్లకి స్లోగన్లు రాసీసినావంట!"

"నాను లొంగేవోన్ని కాదక్కా."

"నువ్వు లొంగకపోతే మేం మునిగిపోతాం రా."

అక్క అంత మెల్లగా మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు. తిట్టి ఉంటే తట్టుకునేవాణ్ణి. అయినా నా మొండితనం మాత్రం దిగలేదు. విచారణకి హైదరాబాదు రమ్మన్న రోజున బావా నేనూ రైలెక్కినప్పుడు కూడా, నిజం చెప్పాలా, పౌరుషంగా నిలబడాలా అనే ఆలోచిస్తున్నాను. బావ పెళ్ళిళ్ళకి వేసుకునే చొక్కా వేసుకుని, ఒళ్ళో గుడ్డసంచి పెట్టుకుని, దారి పొడుగునా దాన్ని చేతిలోంచి వదల్లేదు.

అక్కడి అధికారిణి చాలా మర్యాదస్తురాలు. అదే భయం. ఇద్దర్నీ ఒకే గదిలో కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి, ప్రమాణం చేయించి, ఒక కాగితం నా ముందు పెట్టారు. దాని మీద గళ్ళూ బాణాలూ. ఎడమ చివర కంపెనీ, దాని పక్కన బావ, నట్టనడుమ పెద్ద గడిలో నేను, నా నుంచి పదమూడు బాణాలు. దేవుడి మీద ఒట్టు, ఒక్క క్షణం గర్వంగా అనిపించింది. మా మిల్లులో పద్దెనిమిదేళ్ళుగా పనిచేస్తున్నా నన్నెవరూ మధ్యలో పెట్టలేదు.

"పద్నాలుగు ఖాతాలు, నాలుగు నిమిషాలు, ఒకే షేరు. ఇంతకుముందు మీలో ఎవరూ ఆ షేరు కొనలేదు. ఇది కూడబలుక్కుని చేసింది కాదంటారా?" అన్నారామె.

"మేడం, మాకు టీ బ్రేకు పది నిమిషాలు. సిగ్నల్ ఉండేది ట్యాంకు కాడే. కూడబలుక్కోడానికి టైమెక్కడిది?"

ఆమె అది రాసుకున్నారు. "ప్రకటనకు ముందు మీ బావగారితో తొమ్మిదిసార్లు మాట్లాడారు."

"ఒకటి సేప గురించి, ఎనిమిది మిక్సీ గురించి."

అదీ రాసుకున్నారు. తర్వాత నా మూడు పేజీల ఉత్తరం తీశారు. "'ఉక్కు కరుగుతుంది గాని మేం కరగం' అని రాశారు. మేం పంపింది పదకొండు ప్రశ్నలు. దీన్ని ఏ ప్రశ్నకు జవాబుగా తీసుకోమంటారు?"

ఇక ఆఖరి కాగితం వచ్చింది. గ్రూపులో నేను పెట్టిన సందేశం, నా మాటలు నాకే అచ్చులో.

"లోపలి మనిషి చెప్పాడని ఇక్కడ మీరే రాశారు. అది నిజమైతే, బయటికి రాని సమాచారంతో కొన్నారు. మీకు చెప్పినవాళ్ళదీ తప్పే. అబద్ధమైతే, తప్పుడు మాటలతో పదమూడు మందిని తప్పుదోవ పట్టించారు. రెండింట్లో ఏది?"

"మూడోది నేదా మేడం?"

"లేదు."

అప్పుడు బావ లేచాడు. సంచిలోంచి కేంటీను ఇండెంటు పుస్తకం తీశాడు. ఏ రోజు ఏం వండాలో, దేనికోసమో కంపెనీవాళ్ళు రాసి సంతకం పెట్టే పుస్తకం. ఆ శుక్రవారం పేజీ తెరిచి రెండు చేతులతో ఆమె ముందు పెట్టాడు. ఆమె చదివారు, మళ్ళీ చదివారు, పెదవులు బిగించి నా వైపు తిప్పారు. 'భద్రతా వారోత్సవాలు, బహుమతి ప్రదానం. నూటయాభై భోజనాలు. గత ఏడాది ఇదే సభలో భద్రతాధికారి గొంతులో ముల్లు గుచ్చుకున్నందున, ఈసారి ముళ్ళు తక్కువ చేప మాత్రమే.'

"విదేశీయులు...?" అన్నాను.

"ఒక్కడూ రానేదు. ఫిట్టర్లకీ వెల్డర్లకీ స్టీలు డబ్బాలు పంచినారు," అన్నాడు బావ. ఆమె వైపు తిరిగి చేతులు జోడించాడు. "మేడం, ఆర్డరు సంగతి నాకు తెల్దు. ఈడికి అసలే తెల్దు. ఈడికేటీ తెల్దు మేడం. సిన్నప్పట్నుంచీ అంతే."

"ఎందుకు తెల్దు? నా లెక్క పెకారం షేరు లేచిందా నేదా?" అని నా నోరు తనంత తానే లేచింది.

బావ నా కాలు తొక్కాడు. అధికారిణి కలం ఆపి సూటిగా చూశారు. "అంటే మీకు ముందే తెలుసా? ఆలోచించి చెప్పండి. మీరు చెప్పిందే రాస్తాను."

నేను బావ చేతులు చూశాను. నూనె చిట్లి కాలిన మచ్చల చేతులు, ఇంకా జోడించే ఉన్నాయి. మా నాన్న పోయిన రోజు ఇంటికొచ్చిన చుట్టాలందరికీ వండిపెట్టింది ఆ చేతులే.  

"రాసుకోండి మేడం," అన్నాను. "నాకేటీ తెల్దు. గొప్ప కోసం రాసినాను. లోపలి మనిషి నేడు, పెద్దల నోరు నేదు. సేపని బట్టి అనుకున్నాను. తప్పంతా నాదే, మా బావది కాదు."

"చేపని బట్టి," అని ఆమె నెమ్మదిగా రాసుకున్నారు.

తర్వాత నోటీసు, దానికి జవాబు (ఈసారి గోవిందు రాశాడు, ఒక్క నినాదం లేకుండా), మరో విచారణ. చివరికి ఉత్తర్వు వచ్చింది. బావ మీద ఏ ఆరోపణా నిలవలేదు. పదమూడు మందికి మందలింపు. అబద్ధపు కబురు పెట్టినందుకు నాకు జరిమానా, కొంతకాలం మార్కెట్ వైపు తొంగి చూడకూడదని నిషేధం. కోటీశ్వరులకి వకీళ్ళుంటారు, నాకు ఇండెంటు పుస్తకం ఉంది. కట్టాను. కడుతూ కూడా గొణుక్కున్నాను.

అసలు దెబ్బ అది కాదు. ఆ ఉత్తర్వులు వాళ్ళు ఇంటర్నెట్లో పెడతారట, దేశమంతా చదువుకోడానికి. అందులో ఒక వాక్యం: 'సదరు పైడిరాజుకు ఆ కంపెనీ గురించి ఎటువంటి సమాచారమూ తెలియదని, అతని నమ్మకం కేవలం చేప మీద ఆధారపడినదని నిర్ధారణ అయినది.' మర్నాడు టీ బ్రేకుకి వెళ్ళేసరికి ఆ పేజీ ట్యాంకు గోడకి అంటించి ఉంది. మొదటి సగం కింద ఎర్రగీత. గీసింది గోవిందు. ఎందుకైనా మంచిదని రెండుసార్లు గీశాడు.

చింపబోయాను. ఆగాను. ఎందుకంటే అదే పేజీని బావ ఫ్రేము కట్టించి కేంటీనులో తగిలించాడు. "మా కేంటీనులో అన్నం తప్ప రహస్యాలు బయటికి పోవని సర్కారే రాసిచ్చింది," అని వచ్చినవాళ్ళందరికీ చూపిస్తాడు. రెన్యువల్ సంతకం ఆ ఫ్రేము కిందే జరిగింది. దేశంలో ఎంతమంది తెలివైనవాళ్ళో ఉన్నారు, ఏమీ తెలియకపోవడం వల్ల ఒక కేంటీను నిలబెట్టినవాడు నేనొక్కడినే. ఎవరైనా నవ్వితే ఈ మాటే మొహాన చెబుతాను.

మొన్న బావ ఫోన్ చేశాడు. "బావా, ఈ శుక్రవారం రానేను. కంపెనీలో పెద్ద భోజనాలు. ఈసారి రొయ్యలంట, అదీ..."

ఠక్కున పెట్టేశాను. ట్యాంకు అరుగెక్కి, నా పేరున్న ఆ కాగితం సాక్షిగా, కుడిచేయి గుండెల మీద పెట్టుకుని శపథం చేశాను: ఈ జన్మలో ఎవరి పెనం మీద ఏది వేగినా, ఎవరి కోసమని అడగను. వడ్డిస్తే తింటాను, చేయి కడుక్కుంటాను, నోరు మూసుకుంటాను.

కానీ ఆ రొయ్యలు తొక్క తీసినవా, తీయనివా అన్నది మాత్రం...

వద్దులెండి. శపథం శపథమే.