సూర్యుడి పక్కన నక్షత్రాలు

పోయిన ఆదివారం పేపరు అనుబంధంలో ఒక బొమ్మ వేశారు. నడుమ మసకగా ఒక గెలాక్సీ, దాని చుట్టూ గాజులాగా గుండ్రంగా వెలుగు. ఆ వెలుగు దానిది కాదట, దాని వెనకాల ఎంతో దూరాన ఉన్న మరో గెలాక్సీదట. ముందున్నదాని గురుత్వాకర్షణకు వంగి, అన్ని పక్కల నుంచీ తిరిగి వచ్చి మనకు అట్లా కనబడుతుందట. ఎంత వంగిందో కొలిచి, ముందున్నదాని బరువెంతో, అందులో కంటికి ఆనని పదార్థం ఎంతుందో ఖగోళ శాస్త్రజ్ఞులు తేలుస్తారని కింద రాశారు. సూర్యాపేటలో పిల్లలకు సైన్సు చెప్పి చెప్పి రిటైరైనవాణ్ణి, ఇలాంటిది చూస్తే సంబరపడాలి. నాకు మాత్రం చాయ్ చేతిలోనే చల్లారిపోయింది. కళ్ళు చెడ్డాక మా అన్న బతికినన్నాళ్ళూ మనుషుల్ని ఇలాగే చూశాడు, చుట్టూ వెలుగు, నడుమ ఏమీ లేదు.

మా అన్న మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లులో ధాన్యం చూసేవాడు. చూడడమంటే ఊరికే చూడడం కాదు. లారీ వచ్చి ఆగగానే బస్తాలోంచి గుప్పెడు వడ్లు తీసి, రెండు అరచేతుల నడుమ నలిపి, పొట్టు ఊదేసి, మిగిలిన గింజల్ని ఎండకు పట్టి, నూక ఎంత పడుతుందో, నల్లగింజ ఎంతుందో ఇట్టే చెప్పేవాడు. రైతూ, సేటూ ఇద్దరూ ఆయన మాటకు ఒప్పుకునేవాళ్ళు. ఐదో తరగతితో బడి మానేసి ఆ కంటితో సంపాదించి నన్ను కాలేజీ దాకా చదివించిన మనిషి ఆయన. అందుకే నేనేం చెప్పినా నోరు తెరుచుకుని వినేవాడు, నాకూ అదొక గర్వంగా ఉండేది, దాచడం దేనికి!

నాకు కొత్తగా ఉద్యోగం వచ్చిన రోజుల్లోనే ఆ సంపూర్ణ సూర్యగ్రహణం వచ్చింది. మన ఈడువాళ్ళకు గుర్తుండే ఉంటుంది, మన జిల్లా అంతా పట్టపగలు చీకటైంది. దానికి ముందు ఆదివారం మిర్యాలగూడ వెళ్ళినప్పుడు, సూర్యుడి పక్కగా వచ్చే నక్షత్రాల వెలుగు ఆ సూర్యుడి బరువుకు కొంచెం వంగుతుందనీ, వెనకటికి ఒక గ్రహణం నాడు కమ్ముకున్న సూర్యుడి చుట్టూ ఉన్న నక్షత్రాలను ఫోటో తీసి, మామూలు రాత్రి తీసిన ఫోటోతో పోలిస్తే అవి రవ్వంత పక్కకు జరిగి కనబడ్డాయనీ అన్నకు చెప్పాను. ఎలుగు గూడ వంగుతదారా అని ఆయన ఒకటే ఆశ్చర్యపోయాడు. ఆ జరగడం మన కంటికి తెలియదు గానీ, సూర్యుడు పూర్తిగా మూసుకున్న ఆ కాసేపూ ఒట్టి కళ్ళతో చూడవచ్చనీ, ఒకటి రెండు నక్షత్రాలు కనబడినా కనబడతాయనీ అన్నాను. తలుపులన్నీ మూసి అమ్మ లోపల కూసోబెడతది గదా, పూర్తిగా మూసుకున్నది నాకెట్ల తెలుస్తది అని అడిగాడు.

గ్రహణం నాడు ఇత్తడి పళ్ళెంలో నీళ్ళు పోసి రోకలి నిలబెట్టడం మన ఇళ్ళల్లో ఉన్నదే కదా, పట్టినప్పుడు నిలబడుతుందనీ, విడిచినప్పుడు పడిపోతుందనీ అంటారు. నేను చిన్నప్పటి నుంచీ దాన్ని వెక్కిరించేవాణ్ణి. ఆ రోజూ అదే వేళాకోళంలో, “అమ్మ ఎట్లయినా రోకలి నిలబెడతది గద అన్నా, అది నిలబడంగనే బయటికి పో” అని నవ్వాను. అన్న నవ్వలేదు. నవ్వకపోవడం నేను చూశాను కూడా, చూసి, చాయ్ తాగి, సూర్యాపేట బస్సెక్కాను.

గ్రహణం అట్లా పట్టిందో లేదో అమ్మ రోకలి నిలబెట్టింది, అది నిలబడింది, అన్న వాకిట్లోకి పోయాడు. అప్పటికి సూర్యుడి అంచున గోరంత కూడా మూసుకోలేదు. రోకలి నిలబడితే చూడవచ్చన్న నా మాట నమ్మి, దాని పక్కన నక్షత్రాల కోసం ఆయన ఆ మండే సూర్యుణ్ణి రెప్ప వాల్చకుండా వెతుకుతూ నిలబడ్డాడు. వదినకు అప్పుడు ఆరో నెల. అమ్మ కదలకుండా పడుకోబెట్టిన మనిషి, మొగుడు ఎంతకీ లోపలికి రావడం లేదని లేచి, గడప దాటి, చెయ్యి పట్టుకుని లాక్కొచ్చింది. అది అమ్మ కంట పడింది. నిజంగా చీకటి కమ్మి నక్షత్రాలు కనబడే వేళకు అన్న లోపల కళ్ళు మూసుకుని కూర్చున్నాడు. అంతకుముందు అన్న వాకిట్లో నిలబడి ఉన్న వేళకే నేను సూర్యాపేటలో అట్టముక్కకు సూదితో బెజ్జం చేసి, తెల్లకాగితం మీద సూర్యుడి బొమ్మ పడేట్టు చేసి ఇంటి పక్కవాళ్ళకు చూపించి మెప్పు పొందుతున్నాను. నా కళ్ళకు మాత్రం అన్ని జాగ్రత్తలూ తీసుకున్నాను, ఛీ!

మిల్లు తెరిచాక అన్న గింజలు చేతిలో పోసుకుంటే, ఏ గింజను చూస్తే ఆ గింజే మాయమైంది. కంటి లోపలి పొర నడుమ కాలిపోయిందనీ, మందు లేదనీ దవాఖానలో చెప్పారు. నెల తిరక్కముందే ధాన్యం చూసే పని ఇంకొకరికి పోయింది. అన్న అదే మిల్లులో బస్తాలు మోయడానికి కుదిరాడు.

అమ్మ తీర్పు అమ్మ చెప్పేసింది. “కడుపుల బిడ్డకు తగలాల్సింది మొగనికి తగిలింది. గడప దాటొద్దంటే ఇన్నదా?” పిల్ల ఏ లోపం లేకుండా పుడితే, చూశారా నేను చెప్పలేదా అని అది కూడా వదిన నెత్తినే రుద్దింది. కడుపుతో ఉన్నవాళ్ళు వదినకు ఎదురు రాకుండా తప్పుకునేవాళ్ళు. నా భార్య సీమంతం నాడు అమ్మ వదినను పెరట్లోనే కూర్చోబెట్టింది, విస్తరి అక్కడికే తీసుకుపోయి వడ్డించింది నేనే. అప్పుడైనా నోరు విప్పలేదు. రేపు చెబుతాను, ఎల్లుండి చెబుతాను అనుకుంటూనే, సొంత అన్న కళ్ళు పోగొట్టిన సైన్సు సారు అంటారని భయపడి బతికాను. అన్న కూడా ఒక్క మాట అనలేదు, మరిచిపోయాడనుకుని నా మనసుకు నేనే సర్ది చెప్పుకున్నాను. ఆ బస్తాల కిందే ఆయన ఒళ్ళు గుల్లయి చనిపోయాడు. తర్వాత కొన్నాళ్ళకు అమ్మ పోయింది.

ఆ బొమ్మ చూసిన మర్నాడు కోదాడ బస్సెక్కాను. వదిన అక్కడ కూతురి దగ్గర ఉంటుంది. చిక్కుడుకాయలు తుంచుతోంది, ఎదురుగా కూర్చుని ఉన్నదంతా చెప్పేశాను. ఆమె చెయ్యి ఆగలేదు.

“మీ అన్న ఆనాడే చెప్పిండు తమ్మీ. తమ్మునిది కొత్త నౌకరి, ఇజ్జత్ పోతది, ఎవ్వరికి చెప్పకు అని ఒట్టేయించుకున్నడు. నేను చెప్పలే. నువ్వు చెప్తవని సూసిన. అత్త బతికున్నన్ని దినాలు సూసిన. ఇప్పుడు చెప్తే ఎవలకు చెప్పినట్టు?”

అన్నం తిని పొమ్మని ఆమె అనలేదు, ఎప్పుడూ అనేది. పొద్దు వాలకముందే తిరుగు బస్సెక్కాను.

మన ఈడువాళ్ళం నలుగురం కూర్చుంటే ఒకటే ఫిర్యాదు, ఇప్పటి పిల్లలకు పెద్దల మాటంటే లెక్కలేదనీ, మనం ఏది చెప్పినా అప్పటికప్పుడు ఫోన్లో వెతికి నిజమో కాదో చూస్తారనీ. మా మనుమరాలూ అంతే. మొదట్లో నాకు చివుక్కుమనేది. ఇప్పుడు ఏదైనా చెప్పి, ఆ పిల్ల ఫోను తీసేదాకా నేనే ఆగుతున్నాను. మా అన్న నా మాట ఒక్కసారి కూడా సరిచూసుకోలేదు.