వాగ్దానాల డబ్బాలో నేను వేసిన మూడు చీటీలు

ప్రియ సహోదరీ సహోదరులారా, ఈ ఆదివారం నన్ను మీ ముందు నిలబెట్టిన దేవునికే మహిమ! పోయినేడు నాకు పట్టిన జబ్బు గురించి చెబుతాను, నవ్వకండి. అది జ్వరం కాదు, దగ్గు కాదు, ఏ డాక్టరుగారికీ చూపించుకునేది కాదు. ప్రతిదానికీ దేవుణ్ణి గుర్తు అడిగే జబ్బు! అడగడం తప్పు కాదండీ, ఆయన జవాబు చెప్పేలోపే మళ్ళీ అడగడం, చెప్పింది నచ్చకపోతే ఇంకోలా తిప్పి అడగడం, అదీ నా రోగం.

నేను భీమవరం దగ్గర రొయ్యల ప్లాంటులో నాలుగేళ్ళు ప్యాకింగ్ సూపర్‌వైజరుగా చేశానని మీకు తెలుసు. ఎంబీఏ చదివిన మేనేజరు కొత్తగా వచ్చినప్పుడల్లా పనంతా నేనే దగ్గరుండి చూపించేదాన్ని, మూడు నెలలు తిరిగేసరికి ఆయన నాకు పని నేర్పడం మొదలుపెట్టేవారు! మూడో మేనేజరుగారు వచ్చి, "ఏంటండీ, రొయ్యలకి ఇంత ఐసు అవసరమంటారా?" అని అడిగిన రోజున నాకు రోషం పొడుచుకొచ్చి, ఇంట్లో ఎవరికీ చెప్పకుండా ఎంబీఏ ప్రవేశ పరీక్ష రాసేశాను. మంచి ర్యాంకే వచ్చింది. నా చీకటి రోజులు అక్కడే మొదలయ్యాయి.

ఎందుకంటే ర్యాంకు వచ్చాక కాలేజీలను మనమే ఫోనులో వరుసగా ఎంచుకుని, శనివారం సాయంత్రం ఆరు గంటల్లోపు బటన్ నొక్కాలి, నొక్కాక మార్చడానికి లేదు, నొక్కకపోతే ఆ ఏడాదికి సీటే లేదు. విశాఖపట్నంలో పెద్ద కాలేజీ ఉంది, కానీ హాస్టల్లో ఉండాలి, క్లాసులో అందరి ముందూ లేచి ఇంగ్లీషులో మాట్లాడాలి, అది తలచుకుంటేనే నాకు అరచేతులు చెమట పట్టేవి. రాజమండ్రిలో ఇంకోటి ఉంది, అక్కడ మా పిన్ని ఇల్లుంది, పిన్ని వంట ఉంది, అయితే ఆ కాలేజీ గురించి మంచి మాట చెప్పింది కూడా మా పిన్ని ఒక్కతే. మూడో దారి, చదువూ వద్దు ఏమీ వద్దని ప్లాంటులోనే ఉండిపోవడం.

పూర్వకాలంలో ఒక దైవజనుడు గొర్రెబొచ్చు నేలమీద పరచి గుర్తు అడిగాడని సండే స్కూల్లో నేర్చుకున్నాం కదా. మా ఇంట్లో గొర్రెబొచ్చు లేదు గనుక నాన్నగారి తువ్వాలు డాబా మీద పరచి, "ప్రభువా, తెల్లారేసరికి తువ్వాలు తడిసి, డాబా పొడిగా ఉంటే నేను విశాఖపట్నం వెళ్తాను" అని ప్రార్థించాను. అది వానాకాలం, సహోదరులారా! పొద్దున్న చూస్తే తువ్వాలు, మా డాబా, పక్కింటివాళ్ళ డాబా, ఊరు ఊరంతా తడిసి ముద్దయింది. మర్నాడు తువ్వాలు పొడిగా ఉండాలని అడిగాను. అసలు తువ్వాలే లేదు! మబ్బు పట్టిందని మా అమ్మ తీసి మడతపెట్టి బీరువాలో పెట్టేసింది.

అప్పుడు నా కళ్ళు టీవీ పక్కనున్న వాగ్దానాల డబ్బా మీద పడ్డాయి. మనందరి ఇళ్ళలోనూ ఉండేదే, చిన్న చిన్న కార్డుల మీద వాక్యాలు రాసుంటాయి, ప్రార్థన చేసి ఒకటి తీసుకుంటాం. మొదట తీసిన కార్డు లేచి బయలుదేరమంది, రెండోది కదలకుండా ఊరుకోమంది, మూడోది నా శత్రువులను గురించి చెప్పింది! ఇలా కాదని, ఆ కార్డుల కొలతకే అట్టముక్కలు కత్తిరించి మూడు దారులకూ మూడు చీటీలు రాసి, దేవుని దగ్గర పక్షపాతం ఉండకూడదని వాటిని కార్డులతో పాటే కలిపేసి, రోజూ డ్యూటీకి వెళ్ళేముందు నా చీటీ ఒకటి వచ్చేదాకా తీసేదాన్ని. మూడు రోజుల్లో రెండుసార్లు వచ్చిందే దేవుని చిత్తం అనుకున్నాను. ప్లాంటు రెండుసార్లు వచ్చింది. అయితే అయిదు రోజుల్లో మూడుసార్లు అని మార్చాను. ఆయన ఎంత ఓర్పుగలవాడో అప్పుడు నాకు తెలియలేదు!

శనివారం వచ్చింది. మూడు గంటలకు డ్యూటీ దిగి ఇంటికొచ్చేసరికి హాలునిండా జనం, ఆ వారం కుటీర ప్రార్థన మా ఇంట్లోనన్న సంగతే మరిచిపోయాను. పాట అయింది, ప్రార్థన అయింది, వాగ్దానాల డబ్బా చేతులు మారుతోంది! నా చీటీలు మూడూ ఇంకా అందులోనే ఉన్నాయి. సంఘపెద్ద అయిన మా నాన్నగారు కార్డు తీసి, కళ్ళజోడు సర్దుకుని, గుడిలో వాక్యం చదివే గొంతుతో, "ఎంబీఏ వద్దు. ప్లాంటులోనే ఉండు" అని చదివారు. అలవాటు కొద్దీ అందరూ "ఆమేన్" అన్నారు!

పక్కనే కూర్చున్న మరియమ్మగారికి డెబ్బై దాటాయి, చదువు రాదు, తన కార్డు పాస్టరమ్మగారి చేతికిచ్చింది. ఆవిడ "విశాఖపట్నం. హాస్టల్ ఉంది" అని చదివేసరికి మరియమ్మగారు, "దేవుడు చెప్పాడంటే కాదనకూడదు గానీ, అమ్మగారూ, మరి నా గేదెని ఎవరు చూస్తారండీ?" అంది.

నేను ఏడ్చేశాను. అంతా చెప్పేశాను, పరీక్ష, ర్యాంకు, తువ్వాలుతో సహా. "మాకు చెప్పకూడదా అమ్మా?" అని నాన్నగారు చిన్నబుచ్చుకున్నారు. పాస్టరమ్మగారు మాత్రం నా చెయ్యి పట్టుకుని, "నీకేం కావాలమ్మా?" అని అడిగారు. ఇన్నాళ్ళూ దేవుని చిత్తం ఏంటి, ఏంటి అని ఆయన్ని పీక్కుతిన్నాను గానీ, నాకేం కావాలో ఆయనకు ఒక్కసారైనా చెప్పానా? "విశాఖపట్నమేనండీ, భయమేస్తోంది" అన్నాను. ఆవిడ వెంటనే కళ్ళు మూసుకుని, "తండ్రీ, ఈ పిల్ల గుర్తులడిగి అడిగి మిమ్మల్ని విసిగించింది, క్షమించండి. దీనికిప్పుడు గుర్తు వద్దు, ధైర్యం ఇవ్వండి, ఆరులోపు ఇవ్వండి" అని ప్రార్థించారు. అయిదుంపావుకు, పదకొండుమంది విశ్వాసులు నా ఫోను మీదకు వంగి చూస్తుండగా, మా నాన్నగారే "ఊఁ, నొక్కమ్మా" అంటుండగా బటన్ నొక్కాను. హల్లెలూయా!

సీటొచ్చింది. మొదటిరోజు క్లాసులో లేచాను, చేతులకు చెమటలూ పట్టాయి, ఇంగ్లీషులో తప్పులూ దొర్లాయి, అయినా రొయ్యకు ఐసు ఎందుకు కావాలో చెప్పి కూర్చున్నాను. దేవుడు నా భయాన్ని తీసేయలేదండీ, భయంతోనే లేచి నిలబడే బలమిచ్చాడు, ఆయనకే స్తోత్రం! మీలో ఎవరైనా డబ్బాలో చీటీలు వేసుకుని కూర్చుని ఉంటే, దయచేసి ఈరోజే తీసేయండి. మీ మనసులో ఉన్నది ఆ తండ్రికి ఉన్నదున్నట్టు చెప్పండి, ఆయన్ని నమ్మి అడుగు వేయండి.

నా చీటీలు రెండు చింపేశాను, మూడోది మాత్రం మరియమ్మగారు ఇవ్వలేదు. "అది నాకొచ్చిన వాగ్దానం, నీకెందుకిస్తాను?" అని తన బైబిల్లో పెట్టేసుకుంది. చదవడం రాకపోయినా రోజూ పొద్దున్నే దాన్ని చేతిలో పట్టుకుని ప్రార్థన చేస్తుందట, ఆ తర్వాతే గేదె దగ్గరకు వెళ్తుందట. వారానికోసారి నాకు ఫోను చేసి అడుగుతుంది, "ఏమ్మా, మన హాస్టల్లో అన్నం బాగుంటోందా?" అని.