శ్రీ అడ్మిన్ గారికి

ఫరహత్ తయారుచేసిన మొదటి వెబ్‌సైటు ఒక చీరల హోల్‌సేల్ కొట్టుది. 2001లో. బెజవాడ గవర్నర్‌పేటలో ఒక కంప్యూటర్ సెంటర్ మేడమీద నెల రోజులు కూర్చుని చేసింది. ప్రారంభం రోజున మానిటర్‌కి బొట్టు పెట్టారు, కొబ్బరికాయ కొట్టారు, అందరికీ లడ్డూలు పంచారు. పేజీ అడుగున చిన్న అక్షరాలతో 'రూపకల్పన' అని వేసి, దాని పక్కన సెంటర్ యజమాని పేరు వేయించారు. ఆయనకి మౌస్ పట్టుకోవడం వచ్చు, అంతవరకే. ఫరహత్ ఆ రోజు ఏం చేసిందంటే, ఆ పేరులో ఒక ఇంగ్లీషు అక్షరం తప్పు పడితే దిద్దిపెట్టింది.

తర్వాత ఆరేళ్లలో ఇరవైకి పైగా సైట్లు చేసింది. సెంటర్ మానేసి సొంతంగా పని చేసుకోవడం మొదలుపెట్టాక కూడా ఫోనెత్తితే అవతలి గొంతు "సార్ లేరామ్మా?" అనేది. సారెవరూ లేరు. "చెప్పండి, రాసుకుంటాను" అనేది ఫరహత్. రాసుకుని, పని చేసి, అప్పగించేది. సార్‌కి థాంక్స్ చెప్పమనేవాళ్లు. కోపం రాలేదా అని అడిగితే, "పని ఆగలేదు కదండీ" అంది నాతో. మన దగ్గర దీన్ని ఓర్పు అంటారు. ఓర్పు అని పేరుపెట్టి పొగిడితే పేరు రాయాల్సిన పని తప్పుతుంది. నేను దాన్ని అన్యాయమనే అంటాను, ఆమె అనకపోయినా.

ఆమెకి కోపం కన్నా కుతూహలం ఎక్కువ. తండ్రి మహమ్మద్ గారు ప్రెస్సులో పుస్తకాలు కుట్టేవారు. కుట్టు విప్పి చూస్తే తప్ప కుట్టడం రాదనేవారాయన. 1999లో మొదటిసారి నెట్ సెంటర్‌కి వెళ్లినప్పుడు పక్కవాళ్లంతా తెర మీద బొమ్మలు చూస్తుంటే, ఈమె మౌస్ కుడి మీట నొక్కి ఆ పేజీ వెనకున్న రాత తెరిచింది. ఏ ముక్క తీసేస్తే ఏది కూలుతుందో చూద్దామని ఫ్లాపీలో ఇంటికి తెచ్చుకుంది. తీసేసింది. కూలింది. మళ్లీ కట్టింది. ఆమె చదువు చాలా వరకు అలా సాగిందే.

2007లో ఆమె చేతిలో ఉన్న సైట్లన్నిట్లోకీ పాతదీ పెద్దదీ పామర్రు దగ్గరి ఒక రైతు సంఘానిది. ప్రతి గురువారం ఆ సంఘం హాల్లో రైతులు కూర్చుని తెగుళ్ల గురించి, నీళ్ల గురించి, విత్తనాల గురించి అడుగుతారు. కార్యదర్శి వెంకటప్పయ్య గారు రిటైరైన వ్యవసాయాధికారి. జవాబులు చెప్పేది ఆయనే. వాటిని డీటీపీ చేయించి, కాగితాన్ని ఫొటోలా మార్చి సైటులో పెట్టేవాళ్లు. అప్పట్లో తెలుగు అక్షరాలు అందరి కంప్యూటర్లలో కనపడేవి కావు, బొమ్మయితే కనపడేది. నాలుగేళ్లలో తొమ్మిది వందల నలభై బొమ్మలు పోగయ్యాయి. వాటిలో 'దోమపోటు' అని వెతికితే ఒక్కటి దొరకదు. బొమ్మలో అక్షరాలుండవు కదా. పైగా కొత్త జవాబు ఎక్కించాలంటే ప్రతిసారీ ఫరహత్ రావాల్సిందే.

కొత్త పద్ధతికి మారదామని ఆమే చెప్పింది. సీఎంఎస్ అంటారు దాన్ని. రాసినదాన్ని పేజీల్లో సర్దే పని అదే చూసుకుంటుంది, ఉత్తరం రాయగలిగిన మనిషెవరైనా అందులో కూర్చుని రాతలు ఎక్కించొచ్చు. వెంకటప్పయ్య గారికి నచ్చలేదు. ఉన్నది బాగానే ఉంది కదమ్మా, కదిలిస్తే ఎక్కడ ఊడుతుందో అన్నారు.

"నన్నడక్కుండా మీరు ఒక్క ముక్క మార్చలేరు సార్. అది బాగున్నట్టు కాదు" అంది ఫరహత్.

తన అవసరం లేకుండా చేసే పనికి తనే సలహా ఇస్తోందని ఆయనకి అర్థమవడానికి కొంచెం సేపు పట్టింది. ఒప్పుకున్నారు. పాత సైటు ఉన్న సర్వర్ స్థలం ఆగస్టు 31తో ఆఖరు. ఆ లోపల అన్నీ మార్చేయాలి.

మార్చడమంటే తొమ్మిది వందల నలభై జవాబులూ చూసి మళ్లీ టైపు చేయడం. కొత్త పద్ధతికి ప్రశ్నలెక్కువ. ప్రతి జవాబుకీ రెండు గళ్లు పూర్తిచేయమంటుంది. ఒకటి ఇది ఏ విభాగం, రెండోది ఎవరు రాశారు. మొదటి గడిలో ఫరహత్ విభాగాలు వేసుకుంటూ పోయింది: వరి, చెరకు, మినుము, ఆకుకూరలు, పశువులు. రెండో గడి ఖాళీగా వదిలితే యంత్రం దానంతటదే 'అడ్మిన్' అని నింపుకుంటుంది. నిర్వాహకుడని అర్థం. నింపుకోనీలే అనుకుంది.

జులైలో సగం ఎక్కించి, ఎలా ఉందో చూడమని సైటు తెరిచింది. జవాబుల కింద అభిప్రాయాలు రాసే చోటు కొత్తగా వచ్చింది. వారం తిరగకుండా ఉత్తరాలు మొదలయ్యాయి. నెట్ సెంటర్లలో కూర్చుని ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు కొట్టినవి. 'శ్రీ అడ్మిన్ గారికి నమస్కరించి వ్రాయునది.' 'అడ్మిన్ గారూ, మీ సలహాతో మినుము నిలబడింది.' ఒకాయనైతే 'అడ్మిన్ భాయ్, మీది ఏ వూరు?' అని అడిగాడు, తురక పేరనుకున్నట్టున్నాడు. ఫరహత్ నవ్వుకుంది.

ఒక ఉత్తరం మాత్రం నవ్వి వదిలేసేది కాదు. బసవయ్య అనే కౌలు రైతు రాసింది. 'అడ్మిన్ గారూ, మీరు ఇంత తెలిసినవారు. వరి ఆకుమడిని తోటకూర పక్కన పెట్టారేమిటి?'

వెళ్లి చూసుకుంది. ఆకుకూరల విభాగంలో ముప్ఫై నాలుగు జవాబులున్నాయి, అన్నిట్లోనూ 'ఆకుమడి' అనే మాట. ఆకు, మడి అని ఉంటే ఆకుకూరల మడి అనుకుంది. బెజవాడలో పుట్టి పెరిగిన పిల్లకి తెలియలేదు, డెల్టాలో ఆకుమడి అంటే వరి నారు పోసే మడి అని. కానీ 'నారుమడి' అనే మాట కూడా టైపు చేసినట్టు ఆమెకి గుర్తుంది. వెతికి చూస్తే, వరి విభాగంలో బోలెడన్ని. ఒక్క మనిషి ఒకే మడిని రెండు పేర్లతో ఎందుకంటాడు?

తప్పు నాదేనని, ఆకుమడి చూడాలని ఉందని బసవయ్యకి జవాబు రాసింది. రమ్మన్నాడు. బందరు బస్సెక్కి పామర్రులో దిగితే ఆయన సైకిల్ పట్టుకుని నిలబడి ఉన్నాడు. చేనిగట్టు మీద ఆకుమడి చూపించాడు. ఆమె ఒక మొక్క పీకి వేరు చూస్తానంటే ముచ్చటపడ్డాడు. దారిలో అడ్మిన్ గారి గురించే మాట్లాడాడు.

"ఆయన మడిలో దిగినోడేనమ్మా. కాకపోతే రెండు రకాలుగా మాట్లాడతాడు. ఒకసారి ఆఫీసరు లాగ, ఒకసారి మా అత్త లాగ."

ఫరహత్ అక్కడే గట్టు మీద కూర్చుని, తెచ్చుకున్న ప్రింట్లు తీసి చదివింది. 'ముదురు నారు నాటవలసి వచ్చినచో కుదురుకు మొక్కల సంఖ్య పెంచవలెను.' ఇది ఆఫీసరు. 'ఆకుమడి పచ్చగుందని మురవకు. నాలుగు మొక్కలు పీకు. వేరు తెల్లగుంటే ఊడ్పుకొచ్చినట్టు, నల్లబడితే నీళ్లు తీసి ఆరబెట్టు.' ఇది అత్త.

సంఘం ఆఫీసులో అటెండరు మరియదాసుని అడిగితే ఏమీ దాచలేదు. గురువారం ప్రశ్నలూ జవాబులూ కాగితం మీద రాసేది ఆయనే. సార్‌కి తెలిసినవి సార్ చెబుతారు. తెలియనప్పుడు గొంతు సవరించుకుంటారు. అప్పుడు గుమ్మం దగ్గర నుంచి మాణిక్యమ్మ చెబుతుంది. ఆమె ఊడ్పు ముఠా పెద్ద, అంటే నాట్లు వేసే పదకొండుమంది ఆడవాళ్లకి ముందు నడిచే మనిషి. గురువారాల్లో హాలు ఊడవడానికి వస్తుంది. ఆమె చెప్పింది కూడా రాసేవాడు మరియదాసు. పేరు రాయమని ఎవరూ చెప్పలేదు, ఆయనా రాయలేదు.

ఫరహత్ మాణిక్యమ్మ ఇంటికి వెళ్లి "మాణిక్యమ్మ గారూ" అని పిలిస్తే ఆమె చుట్టూ చూసింది.

"గారులూ బూరెలూ ఎందుకులే అమ్మాయ్, కూకో."

చదువు రాదామెకి. ఫరహత్ ఒక్కో జవాబూ చదువుతుంటే చేతిలో మునగాకు దూస్తూనే, నాది, నాది కాదు అని చెప్పుకుంటూ వచ్చింది. "ఇది సారుది. వలెను వలెను అని నేనెప్పుడన్నాను?" అంది ఒకదానికి. కొసలు తుంచే జవాబు దగ్గర మాత్రం చేతులాగాయి. ముదురు ఆకు కొసల్లో కాండం తొలిచే పురుగు గుడ్లు ఉంటాయి, అందుకని కొసలు తుంచి నాటమనే జవాబు అది.

పోయినేడు పవన్‌కుమార్ అనే ఆసామి చేలో ఆమె అలా తుంచుతుంటే, వాళ్ల నాన్న గట్టు మీద నుంచి అరిచాడట, కూలికొచ్చావా, కత్తిరింపులకొచ్చావా అని. ఈ ఏడు ఆ పవన్‌కుమారే నెట్ సెంటర్‌లో ప్రింటు తీయించిన కాగితం పట్టుకొచ్చి, కొసలు తుంచి నాటండి, నెట్‌లో ఉంది అన్నాడు.

"నా మాట నాకే చెప్పాడమ్మాయ్. పైగా నేర్చుకో అన్నాడు" అంది మాణిక్యమ్మ. మునగాకు పక్కన పెట్టి, "ఏం పేరు రాసుందంట దాని కింద?" అని అడిగింది.

ఫరహత్ అడ్మిన్ అని చెప్పలేకపోయింది. ఆ గడిని అలా వదిలేసింది తనే.

ఆగస్టు 31 తర్వాత పాత బొమ్మలుండవు. కొత్త సైటులో ఏ పేరుంటే అదే మిగులుతుంది. సైటు సంఘానిది కాబట్టి వెంకటప్పయ్య గారు ఒప్పుకోవాలి. ఆయన చెడ్డవాడు కాదు. కానీ ఊడ్చే మనిషి పేరు కింద ఉంటే ఏ రైతు నమ్ముతాడమ్మా అన్నారు. నమ్మకం పోతే సలహా వృథా, రైతు మంచి కోసమే వద్దంటున్నానని చాలాసేపు చెప్పారు. పేరున్నవాళ్లంతా పేరు ఇవ్వకపోవడానికి చెప్పే కారణం ఎప్పుడూ ఇతరుల మంచే. పుస్తకాల్లో, ప్రాజెక్టు రిపోర్టుల్లో, యూనివర్సిటీ పరిశోధనల్లో చెప్పినవాళ్ల పేర్లు కనపడకపోవడానికి కారణం కూడా ఇదే.

"సరే సార్" అనడం ఫరహత్‌కి అలవాటు. ఆ రోజు ఆ మాట నోటిదాకా వచ్చింది కూడా. బదులుగా పాస్‌వర్డు రాసిన కాగితం ఆయన బల్ల మీద పెట్టింది. "ఆ గడి మీరే నింపండి. ఆమె మాటల కింద ఇంకో పేరు నా చేత కొట్టించకండి" అంది. ఆయన కాగితం తీసి జేబులో పెట్టుకున్నారు. రెండు గురువారాలు గడిచాయి. గడి నింపలేదు.

మూడో గురువారం, ఆగస్టు 23న, హాలు నిండుగా ఉంది. ఫరహత్ వెనక బెంచీ మీద కూర్చుంది. ప్రశ్నలైపోయాక బసవయ్య లేచాడు. ఫరహత్ ఆయనకి ఏమీ చెప్పలేదు, నాకు ఒట్టేసి చెప్పింది.

"సార్, ఆ అడ్మిన్ గారిని ఒకసారి చూపిస్తారా? మా ఆకు బతికింది ఆయన చలవే. దణ్ణం పెట్టి పోతా."

వెంకటప్పయ్య గారు గొంతు సవరించుకున్నారు. నాలుగేళ్లుగా ఆ చప్పుడుకి అలవాటైన జనం గుమ్మం వైపు చూశారు. అక్కడ చీపురు పట్టుకుని నిలబడ్డ మాణిక్యమ్మ కూడా, ఈసారి ప్రశ్నేంటన్నట్టు లోపలికి చూసింది. ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు.

"ఆవిడే" అన్నారు.

బసవయ్య నిజంగానే దణ్ణం పెట్టాడు. అడ్మిన్ అంటే ఏందని మాణిక్యమ్మ మరియదాసుని అడిగింది. పెత్తనం చేసేవాళ్లన్నాడు.

"పెత్తనమా? అయితే నేను కాదులే."

హాలంతా నవ్వింది. వెంకటప్పయ్య గారు కూడా నవ్వారు, తర్వాత కాగితం తీసుకుని ఇంటిపేరు ఏమిటని అడిగారు. నాలుగేళ్లుగా తన హాలు ఊడ్చిన మనిషి ఇంటిపేరు ఆయనకి తెలియదు. ఇంటిపేరు వద్దంది మాణిక్యమ్మ. తనొక్కదాని పేరు కూడా వద్దంది. "పదకొండుమంది చేతులు పెడితే తెలిసిన సంగతులయ్యా ఇవి. ముఠా అని రాయండి." వెబ్‌సైటులో ముఠా అని రాస్తే పోలీసులొస్తారేమో అన్నారాయన. వస్తే చెప్పులు బయట విడిచి రమ్మనండి, ఇప్పుడే ఊడ్చానంది.

ఆ గడిలో ఒక్క మనిషి పేరే పట్టాలని యంత్రానికేమీ పట్టింపు లేదు. ఫరహత్ 'మాణిక్యమ్మ ముఠా' అని కొత్త రచయితని చేర్చింది. రెండు వందల ముప్ఫై రెండు జవాబులు ఆ పేరు కిందికి వచ్చాయి. ఆరు వందల పదకొండు వెంకటప్పయ్య గారివి.

మిగిలినవి తొంభై ఏడు. అవి సార్‌వీ కావు, ముఠావీ కావు. ఎప్పుడో గురువారం వచ్చి, ఒక మాట చెప్పి వెళ్లిపోయినవాళ్లవి. 'ఎలుక బొరియకి పొగపెట్టేముందు గాలి ఎటుందో చూడు, లేకపోతే పొగ నీకు, గింజలు దానికి.' దివిసీమ వైపు ఎలుకలు పట్టే యానాదులెవరో అయి ఉంటారని మాణిక్యమ్మ అనుమానం. 'ఉప్పెక్కిన చేలో జీలుగ చల్లి, పూతకు ముందే కలియదున్ను.' ఇది ఎవరిదో మరియదాసుకి కూడా గుర్తులేదు. వాటి కింద ఇప్పటికీ అడ్మిన్ అనే ఉంది. ఫరహత్ ప్రతి వారం రెండు మూడు ఊళ్లు తిరిగి అడుగుతోంది. ఇప్పటికి దొరికింది ఒక్కరే, అందుకే లెక్క తొంభై ఆరుకి వచ్చింది.

ఒక్కతే తిరిగితే ఏళ్లు పడుతుంది. చెప్పినవాళ్లు అప్పటికి ఉంటారో ఉండరో. ఇది చదువుతున్న మీలో డెల్టావాళ్లుంటారు, డెల్టాలో బంధువులున్నవాళ్లుంటారు. దగ్గర్లోని నెట్ సెంటర్లో సంఘం సైటు తెరిచి, ఆ తొంభై ఆరు జవాబులూ ప్రింటు తీయించుకోండి. నాట్లు వేసేవాళ్ల దగ్గర, గొర్రెలు కాసేవాళ్ల దగ్గర, చెరువు గట్ల మీద వాటిని పైకి చదవండి. 'ఇది ఫలానా వాళ్ల మాట' అని ఎవరైనా అంటే, పేరూ ఊరూ ఒక కార్డు మీద రాసి పామర్రు దగ్గరి ఆ రైతు సంఘానికి పంపండి. గారు అని రాయడం మరిచిపోకండి.