‘మీరే కట్టుకోండి’ అన్న మాట చాటున

సర్వోన్నతుడైన దేవునికి స్తోత్రం. హృదయాలను చూసే ఆయన ముందు ఇది ఏనాడూ దాగలేదు. మనుషుల ముందే దాచాను. సంఘంలో సాక్ష్యం చెప్పడానికి లేచిన ప్రతిసారీ ఈ ఒక్కటి మింగి కూర్చున్నాను. ఇన్నేళ్ల బరువు ఇవాళ మీ ముందు దించుతున్నాను.

కర్నూలు దగ్గర ఒక ఇంజనీరింగ్ కాలేజీలో సాఫ్ట్‌వేర్ పాఠాలు చెబుతాను. చదువు ఒకరు పోస్తే నిండేది కాదు, తనకున్న అనుభవం మీద ఎవరికి వారు కట్టుకునేది అన్న సిద్ధాంతాన్ని ఒక శిక్షణలో విని మనసారా నమ్మాను. ఇప్పటికీ నమ్ముతున్నాను. అందుకే లెక్చర్లు తగ్గించి, పిల్లలను వాళ్లెరిగిన పనికే ప్రోగ్రాం రాయమన్నాను. ఎవరేమడిగినా నా జవాబు ఒకటే. మీరే కట్టుకోండి.

ఆత్మకూరు వైపు నుంచి వచ్చే ఒక అమ్మాయి, పేరు రాయను, వాళ్ల నాయన ఉల్లిగడ్డలు తెచ్చి మార్కెట్ వరుసలో పడే అగచాట్లు చూసి, రైతులకు ఫోన్‌లోనే టోకెన్ ఇచ్చే ప్రోగ్రాం రాసింది. బాగా రాసింది. ఒక్కటే చిక్కు. ఇద్దరు ఒకేసారి నొక్కితే ఇద్దరికీ ఒకే నంబరు వచ్చేది.

"ఈ ఒక్కటి చెప్పండి సార్. యాడ తప్పు పోతాందో తెలీకుండా ఉండాది."

"మీరే కట్టుకోవాలమ్మా."

"శానా బాగుండాది సార్. ఈడ మీరు కట్టుకోమంటారు. ఇంటికాడ మా నాయన మామ కొడుకును కట్టుకోమంటాండాడు. ఈసారి తప్పితే చదువు మాన్పిస్తాడంట. నేనేది కట్టుకునేది?"

తరగతంతా నవ్వింది. నేనూ నవ్వాను. ఎందుకు నవ్వాను? ఆ చిక్కు ఎలా విప్పాలో నాకే తెలియదు. తెలియదు అనడానికి నోరు రాలేదు. ఆ పద్ధతిని నిజంగా నమ్మినవాడైతే ఆమె పక్కన కూర్చుని, గేటు దగ్గర ఇద్దరు రైతులు ఒకేసారి చేయి చాపితే టోకెన్లిచ్చే మనిషి ఏం చేస్తాడమ్మా అని ఆమెకు తెలిసినదాని నుంచే మొదలుపెట్టి, ఆమెతో కలిసి తానూ వెతికేవాడు. నేను ఒక మంచి సిద్ధాంతాన్ని తెరగా కట్టి దాని వెనక నా అజ్ఞానాన్ని దాచాను.

అంతటితో ఆగినా బాగుండేది. చివరి పరీక్షకు బయటి నుంచి వచ్చినాయన రెండు ఫోన్లు తీసి ఒకేసారి నొక్కాడు. ఒకే నంబరు. మీ సారును అడగలేదా అన్నాడు. ఆమె నా వైపు చూసింది.

"దారి చూపించాను సార్. శ్రద్ధ పెట్టలేదు" అన్నాను.

ఆమె ఫెయిలయింది. అబద్ధ సాక్ష్యం గురించిన ఆజ్ఞను ఆదివారం బడిలో పిల్లల చేత వల్లె వేయించేది నేనే.

ఆమె మళ్లీ కాలేజీకి రాలేదు. పెళ్లయిందని తోటి పిల్లలు చెప్పారు. ఆ చిక్కు విప్పడం తర్వాత నేర్చుకున్నాను. ఒకరి పని ముగిసేదాకా రెండోవారిని ఆపాలి, అంతే. ఇప్పుడు ప్రతి బ్యాచ్‌కూ చెబుతున్నాను. ఆమెకు మాత్రం ఎవరూ చెప్పలేదు. లోపం తన బుర్రలోనే ఉందనుకుంటూ బతుకుతోందా?

క్షమాపణ దొరికిందని చెప్పను. అది ఆమె చేతిలో ఉంది, నేనింకా వెళ్లి అడగలేదు. ఆమె శ్రద్ధ పెట్టింది. తెలియనిది నాకు. ఇంత మాత్రం రాశాక ఊపిరి కాస్త ఆడుతోంది. చదువుతున్న మీరు నాతో కూడా ప్రార్థన చేయండి. ఈ మాటే ఆమె గడప ముందు నిలబడి, వాళ్ల నాయన వింటుండగా చెప్పే ధైర్యం ప్రభువు నాకివ్వాలని.