తప్పంతా సిస్టందే

శేషయ్య అంకుల్‌కి ఒకటే జబ్బు. లోకంలో ఏ తప్పు జరిగినా తీసుకెళ్లి కంప్యూటర్ నెత్తిన రుద్దేవారు.

కూరలో ఉప్పు తగ్గితే "సిస్టం హ్యాంగ్ అయింది" అనేవారు. భార్య లక్ష్మమ్మను బస్‌స్టాప్ నుంచి తీసుకురావడం మరిచిపోయినా అదే మాట. "కారుకు సిస్టమేంది? స్టీరింగ్ తిప్పేది నువ్వే గదా!" అని ఆమె తడిసిన కొంగు పిండుకుంటూ అడిగితే, ఆకాశం వంక చూసి "వాన గూడ గందుకే పడ్డది" అనేవారు.

ఆయన దగ్గరున్న కంప్యూటర్‌ని వెనకేసుకొద్దామన్నా కుదిరేది కాదు. రోజుకు రెండుసార్లు తెర నీలంగా మారి, తెల్లటి అక్షరాల్లో ఏవో శాపనార్థాలు పెట్టి పడుకునేది. 2002లో న్యూజిలాండ్‌లో, ఆక్లాండ్‌లోని శాండ్రింగ్‌హామ్ పేటలో అంకుల్ పెట్టిన వీడియో షాపును ముంచింది అదే. ఎవరు ఏ సినిమా తీసుకెళ్లారో ఒక సోమవారం ఉదయం మొత్తం మింగేసింది. "మా క్యాసెట్ మీ దగ్గర ఏమన్న ఉన్నదా?" అని ఆయన తెలిసిన ఇళ్లన్నిటికీ ఫోన్ చేస్తే, అందరూ ఎంతో మర్యాదగా "లేదంకుల్" అన్నారు.

తర్వాత అదే కంప్యూటర్‌తో కేటరింగ్ మొదలుపెట్టారు.

"మళ్ల ఇదేనా?" అంది లక్ష్మమ్మ.

"కొత్త ఆపరేటింగ్ సిస్టం ఎక్కించిన" అన్నారాయన, కొత్త అల్లుణ్ని చూపించినట్టు. కొత్తది రోజుకు మూడుసార్లు పడుకునేది.

గిరిజ అక్కడ చేరింది 2005లో. గుంటూరు నుంచి వచ్చి ఏడు నెలలైనా, ఎక్కడికెళ్లినా "కివీ ఎక్స్‌పీరియెన్స్ ఉందా?" అని, అంటే న్యూజిలాండ్‌లో ఇదివరకు పనిచేశావా అని, అడిగి పంపేశారు. శేషయ్య అంకుల్ మాత్రం "టైపింగొస్తదా?" అని ఒక్కటే అడిగి, ఆర్డర్లు ఎక్కించే పని ఇచ్చారు.

ఒక శుక్రవారం తెర మళ్లీ నీలమైంది. మర్నాటికి ఏడు ఆర్డర్లున్నాయి. అంకుల్ వెనక గదిలో ఉల్లిపాయలు తరుగుతున్నారు. రిపేర్లు చేసే లోకేశ్ ఇచ్చిన సీడీ ఒకటి ఉంటే గిరిజ పెట్టింది. "అంతా తుడిచేయమంటారా?" అని తెర ఇంగ్లీషులో అడిగింది. తెగులంతా తుడిచేస్తుంది కాబోలనుకుని ఆమె సంతోషంగా 'యెస్' నొక్కింది. మంచి పిల్ల, రెండోసారి అడిగినా 'యెస్' అనే నొక్కింది.

కాసేపటికి కంప్యూటర్ కడిగిన పలకలా తయారైంది. ఆర్డర్లు లేవు, అడ్రసులు లేవు, ఫోన్ నంబర్లూ లేవు. లోకేశ్ వచ్చి, చూసి, నోరు తెరవబోయేలోగా అంకుల్ అతని భుజం మీద చెయ్యేసి బయటికి నడిపించారు. తిరిగొచ్చి, "సిస్టం హ్యాంగ్ అయింది బిడ్డా, మనమేం జేస్తం?" అన్నారు. నేనేనని చెప్పబోయింది గిరిజ. ఉద్యోగం పోతుందన్న భయంతో మాట మింగేసింది.

ఏం వండాలో లక్ష్మమ్మకు గుర్తుంది. ఎక్కడికి పంపాలో ఎవరికీ గుర్తులేదు. శనివారం ఫోన్ చేసి తిట్టినవాళ్ల అడ్రసులు దొరికాయి. తిట్టని మర్యాదస్తులనే వెతకాల్సి వచ్చింది.

"ఫికర్ జెయ్యకు. ఏ ఇంటి ముంగట చెప్పులు ఎక్కువుంటే గదే మన పార్టీ" అని అంకుల్ గిరిజను ఎక్కించుకుని వ్యాన్ తీశారు.

మౌంట్ ఆల్బర్ట్‌లో ఒక గుమ్మం ముందు ఇరవై జతలు కనిపించాయి. గబగబా బిర్యానీ గిన్నెలు లోపల దించారు. తీరా చూస్తే అది అమ్మకానికి పెట్టిన ఇల్లు. చూడ్డానికొచ్చినవాళ్లు కార్పెట్ పాడవకుండా బూట్లు బయట విడిచారు. ఇల్లమ్మే కివీ ఏజెంట్ తెల్లబోయి "ఎవరు పంపారు?" అంటే, అంకుల్ "సిస్టం" అన్నారు. అప్పటికే నలుగురు తినడం మొదలుపెట్టారు. ఇల్లు ఆ పూటే అమ్ముడుపోయిందట. ఆ ఇరవై జతల బూట్లు తల్చుకుంటే గిరిజకు ఇప్పటికీ నవ్వాగదు.

ఆ బిర్యానీ చేరాల్సింది రామమోహన్ గారి అమ్మాయి పుట్టినరోజుకు. అక్కడ నలభై మంది బ్రెడ్డూ జామూ తిన్నారు. కబురు ఆక్లాండంతా పాకింది. ఆర్డర్లు ఆగిపోయి, మూడు నెలల్లో కేటరింగ్ మూతపడింది. అంకుల్ సిటీ బస్సు డ్రైవర్‌గా చేరారు.

గిన్నెలు సర్దుతున్న రోజున గిరిజ ఇక ఉండబట్టలేకపోయింది.

"అంకుల్, ఆ రోజు సిస్టం కాదండీ. నేనే నొక్కాను. రెండుసార్లు."

"ఎరుకనే బిడ్డా. లోకేశ్ గప్పుడే చెప్పిండు."

"మరి నన్నొక్క మాట కూడా అనలేదేంటండీ?"

"నిన్నంటే ఏడుస్తవు. ఆ డబ్బానైతే ఎంత తిట్టినా ఏడ్వదు గదా" అని ఆయన జేబులోంచి మడత పెట్టిన కాగితం తీశారు. "మళ్ల ఎక్స్‌పీరియెన్స్ అడుగుతరు. గిది చూపెట్టు."

స్వయంగా రాసిన సిఫార్సు ఉత్తరం. కంప్యూటర్ పనిలో ఈమె దిట్ట అని ఉంది.

"అంకుల్, ఇది అబద్ధం కదండీ!"

"అబద్ధమేంది? నువ్వు నొక్కినంక అది ఒక్కసారన్న హ్యాంగ్ అయిందా?"

ఆ ఉత్తరంతో గిరిజకు ఒక పంటి డాక్టర్ దగ్గర రిసెప్షనిస్ట్ ఉద్యోగం దొరికింది. కబురు చెప్పడానికి ఆమె అంకుల్ నడిపే బస్సెక్కింది. ఆయన బ్రేక్ వేసి, లేచి నిలబడి, ఆమెకు ఉద్యోగం వచ్చిన సంగతి తన ఇంగ్లీషులో బస్సంతటికీ చెప్పి, అందరిచేతా చప్పట్లు కొట్టించి గానీ బండి కదిలించలేదు.